రైతు సహాయము – పట్టణవాసి తీర్పు
(ఒక పట్టణ గ్రంథాలయ వార్షిక సభయందు చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము రాజ్యాంగమును గూర్చి మాటలాడుమని పిలిచిరి. న్యాయవాదిని పిలిచినప్పుడు రాజ్యాంగమునే యడుగుట లోకమర్యాద. కాని సభకు ముందు అరగంట సేపు ఈ పఠనమందిరమున కూర్చుండు భాగ్యము మాకు కలిగినది. పత్రికలు చదువుచున్న పెద్దలలో ఒకరు ధాన్యపు మద్దతు ధర పెంచిరను వార్తను చూచి, ‘ఇంకను ఎంతకాలము వీరిని పోషించుట? పన్ను మనది, పండుగ వారిది!’ అనిరి. ఎదుట కూర్చున్న రెండవవారు పుట త్రిప్పి, బియ్యపు ధర చూచి, ‘ప్రభుత్వము నిద్రించుచున్నదా? ఎగుమతు లాపవలదా?’ అనిరి. మొదటివారు వెంటనే ‘నిజమే, నిజమే’ యని తల యూపిరి. ఇద్దరును సజ్జనులు, దానధర్మము లెరిగినవారు. ఆ రెండు మాటలును ఒకే బల్లయొద్ద, ఐదు నిమిషముల వ్యవధిలో వింటిమి. అందుచేత రాజ్యాంగమును కొంచెము ప్రక్కకు జరిపి (పూర్తిగా జరుపలేము, అది వృత్తిదోషము) ఆ రెండు మాటలను గూర్చియే మాటలాడుటకు అధ్యక్షులవారి యనుమతి పొందితిమి.

మొదటి మాట, రైతును మనము పోషించుచున్నామనునది. మద్దతు ధర యెట్లు పుట్టినదో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొందము. 1956లో అమెరికాతో ఒడంబడిక చేసికొని, వారి పి.ఎల్. 480 చట్టము క్రింద గోధుమలు తెప్పించుకొనుట మన దేశ మారంభించెను. 1960 దశాబ్దపు నడిమి యేండ్లలో పరిస్థితి యెట్లుండెననగా, రేవున ఓడ దిగిననే పట్టణములకు పిండి. అప్పుడు 1965 జనవరిలో ఆహార సంస్థయు, వ్యవసాయ ధరల సంఘమును వెలసినవి. ఆహార సంస్థ తన పనిని తంజావూరున ప్రారంభించెను. రైతు వచ్చి అర్జీ పెట్టుకొన్నందున ఇవి వెలసినవని యనుకొనుట పొరపాటు. పట్టణములలోని చౌక దుకాణములకు ధాన్యము కావలసియుండెను. ఆ ధాన్యమును నమ్మకముగా పండింపజేయుటకు ఒక హామీ కావలసియుండెను. ఆ హామీ పేరే మద్దతు ధర. ఇది రైతునకు మేలు చేయలేదని మేమనము. కాని బిడ్డ యెవరి కొరకు పుట్టినదో మరువరాదు.

నేడు ఆహారపు సబ్సిడీ యని బడ్జెటునందు వ్రాయబడు సొమ్ము 2022-23లో రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు మించెను. మన సంభాషణలలో ఈ సొమ్ము రైతు ఖాతాలోనికి పోవును. 2013 నాటి ఆహారభద్రతా చట్టమును తెరచి చూడుడు. గ్రామములలో నూటికి డెబ్బదియైదుగురు వరకు, పట్టణములలో నూటికి ఏబదిమంది వరకు ఆ ధాన్యము తినుటకు హక్కు గలవారు. 2023 జనవరి నుండి వారికది ఉచితము. పేదవాడు తినవలసినదే, 1983లో ఎన్.టి. రామారావుగారు కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చినప్పుడు మన రాష్ట్రమున ఎన్ని పొయ్యిలు నిండుగా వెలిగినవో పెద్ద లెరుగుదురు. మా మనవి యొక్కటియే: తినినవాని లెక్కను పండించినవాని పేర వ్రాయవలదు.

మద్దతు ధర యెందరికి ముట్టుచున్నది? 2015లో శాంతకుమార్ సంఘము తన నివేదికలో, ప్రభుత్వ సంస్థలకు ధాన్యమమ్మి ఆ ధర పొందువారు దేశపు రైతులలో నూటికి ఆరుగురేయని చెప్పెను. మన గోదావరి, కృష్ణా మండలములలో ఆ వంతు అంతకంటె హెచ్చేయని యొప్పుకొందము. 2025-26కు సాధారణ ధాన్యపు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. మన డెబ్బదియైదు కిలోల బస్తాకు 1,777 రూపాయలకు పావలా తక్కువ. కాని మిరపకు, టమాటాకు, ఉల్లికి, పసుపునకు మద్దతు ధర యే లేదు. గుంటూరు యార్డునకు మిరప తోలుకొనిపోవు రైతును చూచి ‘పోషించుచున్నాము’ అనువారు దేనితో పోషించుచున్నారో మాకు తెలియదు.

ఇక రెండవ మాటకు వత్తము. అసలు సంగతి యిచ్చటనే యున్నది.

ప్రభుత్వము మీ పొలములో ఒక సెంటు భూమి తీసికొనదలచినదనుకొనుడు. చట్టబలము లేక ఎవరి యాస్తిని హరింపరాదని రాజ్యాంగపు 300-ఎ అధికరణము చెప్పుచున్నది. 2013 భూసేకరణ చట్టము ప్రకారము ముందుగా ప్రకటన చేయవలయును, అభ్యంతరములు వినవలయును, మార్కెటు విలువ కట్టి, దానిపై నూటికి నూరు వంతున సొలేషియము చెల్లింపవలయును. చాలదని తోచిన మావంటివారి నాశ్రయింపవచ్చును. ఇప్పుడు ప్రభుత్వము ఆ భూమిని ముట్టక, అందు పండిన పంట ధరలో నాలుగవ వంతు తీసికొనదలచినదనుకొనుడు. దానికి 1992 విదేశీ వాణిజ్య చట్టములోని మూడవ సెక్షను చాలును. సాయంకాలము ఒక నోటిఫికేషను వెలువడును. తెల్లవారునప్పటికి ఓడ యాగును. వినికిడి లేదు, విలువ కట్టుట లేదు, పరిహారము లేదు. బడ్జెటులో ఆ సొమ్ము ఏ పద్దునందును కానరాదు. రైతుకిచ్చినది అణాపైసలతో లెక్కకు వచ్చును, రైతునుండి తీసికొన్నది గాలిలో కలియును. ఇట్టి పద్దుపుస్తకమును చూచి మనము తీర్పు చెప్పుచున్నాము. వాదిపక్షపు సాక్ష్యమును మాత్రమే విని తీర్పు చెప్పు మునసబును మనమేమందుము?

కడప మండలమున కృష్ణాపురపు ఉల్లి యని యొకటి పండును. చిన్నది, మిక్కిలి ఘాటైనది. మన వంటిండ్లలో ఎవరును దానిని కోయరు. సింగపూరు, మలేసియా దేశములవారు దాని కలవాటుపడినవారు. వారికొరకే అది పండును. 2020 సెప్టెంబరు 14న ఢిల్లీలో ఉల్లి ధర పెరిగినదని దేశమంతట ఉల్లి యెగుమతిని నిషేధించిరి. కృష్ణాపురపు ఉల్లియు ఉల్లియే గదా! మన యింట తినరు, పొరుగింటికి పంపనీయరు. పొలములో పెరికిన గడ్డ యెన్నినాళ్లు నిలుచును? రాష్ట్రమువారు మొరపెట్టుకొనిన మీదట అక్టోబరు మాసమున పదివేల టన్నులకు మాత్రము చెన్నపట్టణపు రేవునుండి విడుదల దొరికెను. ఇందలి వింత యింకొకటి. ఆ నిషేధము వెలువడిన పదిదినముల లోపుననే, రైతు తన పంటను తన యిచ్చవచ్చిన చోట స్వేచ్ఛగా నమ్ముకొనుటకని మూడు వ్యవసాయ చట్టములను పార్లమెంటు ఆమోదించెను. ఆ చట్టముల గుణదోషములు వేరు విషయము. ఢిల్లీ పొలిమేరలలో ఏడాది పైగా రైతులు కూర్చున్నారు, 2021 నవంబరులో చట్టములు రద్దయినవి. ఒక చేతితో స్వేచ్ఛాపత్రమును, రెండవ చేతితో నిషేధాజ్ఞను పట్టుకొనిన ప్రభుత్వమును చూచి రైతు శంకించినచో, ఆ శంకకు ఆధారము లేదని మేము వాదింపజాలము.

2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యమునకు అదే గతి పట్టినది. ప్రపంచపు బియ్యపు వర్తకములో మన దేశపు వంతు నూటికి నలుబది. ఆ వారమున అమెరికాలోని మన తెలుగువారు సోనా మసూరి బస్తాలకై అంగళ్ల ముందు బారులు తీరిరి. కొన్ని అంగళ్లు ఇంటికొక బస్తాయని హద్దు పెట్టినవి. మన పత్రికలలో ఆ బొమ్మలు వచ్చినవి. మన పిల్లల కష్టమును చూచి మనము నొచ్చుకొంటిమి. ఆ బియ్యము పండించినవాని బొమ్మ మాత్రము ఏ పుటలోను మాకు కానరాలేదు. ఏడాదికి పైగా, 2024 సెప్టెంబరు 28 వరకు, ఆ నిషేధము నిలిచెను.

అదే 2023 జూలైలో టమాటా కిలో రెండువందల రూపాయలకు పోయినది. అప్పుడు మనమందరము ఆర్థికశాస్త్రజ్ఞులమైతిమి. ప్రభుత్వము రైతుబజారులలో కిలో యేబదికి అమ్మించెను. సెప్టెంబరు వచ్చునప్పటికి కర్నూలు, నంద్యాల ప్రాంతములలో కిలో మూడు నాలుగు రూపాయలైనది; కోత కూలియు రాక రైతులు పండ్లను దారిప్రక్కన పారబోసిరి. జూలైలో మాటలాడిన శాస్త్రజ్ఞులు సెప్టెంబరులో ఎచ్చటికి పోయిరో! మేమును ఆ గుంపులోని వారమే. ఇతరులను మాత్రమే యనుటలేదు.

ఇప్పుడు కోనసీమ సంగతి. ఇది మా కండ్ల యెదుట జరిగినది గనుక కొంచెము విస్తరించి చెప్పుదుము.

2011 తొలకరికి కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. కాటన్ దొర ఆనకట్ట కట్టిన తరువాత నూట ఏబది యేండ్లకు పైగా నీరు పారుచున్న గడ్డ అది. అప్పటికి మేము కోటు తొడిగి కొలది యేండ్లే. స్వచ్ఛంద సేవకులతో కలిసి గ్రామములు తిరుగుటకు పోయితిమి. కాలువలో నీరు నిండుగా పారుచున్నది; ప్రక్కనే చేలలో నాటు లేదు, ఊదయు తుంగయు మొలచియున్నవి. కరవునేలను మేము చూచియుంటిమి. నీరుండియు బీడైన నేలను అంతకు మున్నెన్నడును చూడలేదు. ఆ దృశ్యము మనస్సునుండి పోదు.

కారణము లనేకములు. 2010 నవంబరు, డిసెంబరు నెలల వానలకు సార్వా మునిగినది. మురుగు కాలువలు పూడిపోయి చేలలోని నీరు సముద్రమునకు పోవు దారి లేకుండెను. రంగు మారినదని, తేమ పదునేడు వంతులు మించినదని మిల్లుల యొద్ద ధాన్యము తిరస్కరింపబడెను. కూలి, ఎరువుల వెల హెచ్చెను. వీటన్నిటి మీద, సాధారణ బియ్యపు ఎగుమతి 2008 ఏప్రిలు నుండి నిషేధములో నుండెను. గోదాములు నిండి పొరలుచుండెను. కుళ్ళుచున్న ధాన్యమును పేదలకు పంచుడని 2010లో సుప్రీముకోర్టు చెప్పవలసివచ్చినంతగా నిండియుండెను. అయినను ఓడ కదలలేదు. నిషేధము తొలగినది 2011 సెప్టెంబరులో. అప్పటికి నాట్ల కాలము దాటినది.

ఒక గ్రామమున రావిచెట్టు అరుగుమీద మేము చాల తెలివిగా నొక ప్రశ్న వేసితిమి: ‘మద్దతు ధర క్వింటాలునకు 1,080 చేసిరి గదా, బస్తాకు 810 రూపాయలు వచ్చును; విరామమేల?’ అని. ఒక వృద్ధ రైతు మమ్ము పైనుండి క్రిందకు చూచి, “కాగితం మీది ధర మిల్లు గేటు దాటి రాదండి. పోనీ, తమరు చెప్పండి లాయరుగారూ, చేతి డబ్బు ఎదురు పెట్టుకొని ఎన్నేళ్లు కేసులు వాదిస్తారండీ?” అని యడిగెను. మా ప్రక్కనున్నవారు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి.

తిరిగి వచ్చి పట్టణమున ఈ సంగతి చెప్పగా ఒక మిత్రులు, ‘రైతు సమ్మె చేయుట యేమి? దేశమునకు అన్నము పెట్టువాడు అట్లు చేయవచ్చునా?’ అనిరి. గుమాస్తా సమ్మె చేసిన జీతము పెరుగును. బ్యాంకు సమ్మెకు మంత్రులు దిగివత్తురు. రైతు సమ్మె చేసినచో ఎవరి కంచము ఖాళీ కాలేదు. వాని గాదె యొక్కటే ఖాళీ యయ్యెను. ప్రభుత్వము మోహన్ కందాగారి యధ్యక్షతను ఒక సంఘమును వేసినది, నివేదిక వచ్చినది. ‘అన్నదాత’ యను బిరుదు రైతునకు మనమిచ్చితిమి. ఆ బిరుదునకు జీతము లేదు, సెలవు లేదు, తుదకు అలుగుటకు హక్కును లేదని ఆ యేడు తెలిసినది.

ఇతర దేశముల పట్టణవాసు లెట్లు తలతురో యని యడుగవచ్చును. అమెరికా 1933 నుండియే రైతునకు చట్టరీత్యా సొమ్మిచ్చుచున్నది, ఆ తొలి చట్టమునందు కొంత నేల విత్తకుండుటకు సైతము ఇచ్చెను. ఐరోపావారి సంగతి చెప్పనక్కరలేదు. వారి యుమ్మడి బడ్జెటులో దాదాపు మూడవ వంతు సేద్యమునకే. స్విట్జర్లాండులో 2017 సెప్టెంబరు 24న ఆహారభద్రతను రాజ్యాంగములో చేర్చవలెనా యని ప్రజలనే అడిగిరి. నూటికి డెబ్బదియెనిమిదిమందికి పైగా ఔననిరి. ఆ దేశమున నాగలి పట్టువారు పిడికెడు. చీట్లు వేసినవారిలో అత్యధికులు పట్టణవాసులే. మన ప్రభుత్వమో, ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట ధాన్యమునకు పరిమితి మించి సహాయమిచ్చినదని ముద్దాయిగా నిలువవలసి వచ్చుచున్నది. ఆ సహాయమును కొలుచు కొలబద్ద 1986-88 నాటి ధరలు! నలుబది యేండ్ల నాటి కుంచముతో నేటి ధాన్యము కొలుచు వ్యాపారిని మన సంతలో ఎవరును నిలువనీయరు.

ఇంతవరకు రైతు పక్షమున వాదించితిమి. ఎదుటి పక్షపు వాదములో బలమున్న చోట దాచుట న్యాయవాదికి తగదు.

2004లో ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డిగారు తొలి సంతకముతో సేద్యమునకు ఉచిత విద్యుత్తు నిచ్చిరి. మెట్ట రైతునకు అది ప్రాణము పోసినది. కాని బోరున్నవానికే గదా విద్యుత్తు! బోరు లేనివాని కేమి ముట్టినది? ఖర్చు లేని మోటారు ఆపువారు లేక భూగర్భజలము క్రిందికి దిగిపోయిన యూళ్లు మన యెదుటనే యున్నవి. యూరియా బస్తా చౌకయైనందున నేలకు వలసిన దానికంటె మించి చల్లుచున్నాము. 2018 మేలో తెలంగాణమున రైతుబంధు ఆరంభించి, యెకరమునకు పంటకు నాలుగువేల రూపాయల చొప్పున పట్టాదారున కిచ్చిరి. రెండెకరముల వానికి ఎనిమిదివేలు. ఏబది యెకరముల వానికి రెండు లక్షలు. హైదరాబాదున కాపురముండి పొలము గట్టెక్కి పదేండ్లయిన వానికిని వచ్చినది. ఆ నేల దున్ను కౌలుదారునకు రాలేదు. వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్ను లేకుండుట ఎవరి కెక్కువ మేలు? రెండెకరముల వానికి పన్ను కట్టునంత యాదాయమే లేదు. ఫీజులో కొంత భాగమును మామిడితోట రాబడిగా చూపువారు మా వృత్తిలోను, తక్కిన వృత్తులలోను గలరని యెల్లరెరిగినదే. కావున ‘పన్ను మనది, పండుగ వారిది’ యను మాటలో సత్యమున్నది. ఆ ‘వారు’ ఎవరన్నదే చిక్కు.

సభలోని పెద్దలు కోపింపనిచో అడుగుదుము: ఈ మందిరమున కూర్చున్నవారిలో పల్లెయందు ఎకరమో రెండెకరములో ఉండి, కౌలుకిచ్చి, ఇచ్చట నివసించువారెందరు? చేతు లెత్తనక్కరలేదు. మొదట మా చేతినే యెత్తుదుము.

మా తండ్రిగారి పేర రెండెకరముల పల్లమున్నది. ఒక కౌలుదారు చిరకాలముగా చేయుచున్నాడు. 2018 డిసెంబరు 17న ఫెథాయ్ తుపాను కాట్రేనికోన యొద్ద తీరము దాటినప్పుడు కోసిన పనలు నీట తేలినవి. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, తేలిన పనలును అతనివే. కొన్ని నెలలకు నష్టపరిహారము వచ్చెను. అది మా తండ్రిగారి ఖాతాలో పడినది. రికార్డునందు రైతు వారే గదా! మరునాడే తీసికొనిపోయి కౌలుదారు చేతిలో పెట్టితిమని చెప్పుకొనగలిగిన బాగుండెడిది. నాలుగు నెలలు పట్టినది. అతడు అడుగలేదు. ఒకనాడు కౌలు బస్తాలు తెచ్చి దించి, “మీకు డబ్బు పడిందటగా బాబుగారూ, ఊళ్లో అనుకుంటున్నారు” అని మాత్రమనెను. అప్పుడిచ్చితిమి. రైతుల పక్షమున సభలలో మాటలాడుచున్న కాలముననే ఇది జరిగినది.

మన రాష్ట్రమున 2011లో ఒకటి, 2019లో ఒకటి, కౌలుదారులకై రెండు చట్టములు వచ్చినవి. రెండవదాని ప్రకారము పదునొకండు నెలలకు సాగుదారు హక్కుపత్రము పొందవచ్చును. భూమిపై యాజమాన్యమునకు భంగము లేదని చట్టమే చెప్పుచున్నది. ఆ పత్రమున్నచో పంట ఋణము, బీమా, నష్టపరిహారము దున్నువానికే చేరుటకు దారి యేర్పడును. కాని దానికి యజమాని సంతకము కావలయును. ఇచ్చటనే బండి ఆగినది. సంతకము పెట్టినచో పొలము పోవునను భయము మన పట్టణపు యజమానులకు వదలదు. న్యాయవాదిగా చెప్పుచున్నాము, ఆ పత్రము పదునొకండు నెలలకు తీరిపోవు కాగితము. దానిచేత పట్టా మారదు. మా యొద్దకు వచ్చి అడిగిన వారందరికి ఈ మాటయే చెప్పితిమి. తల యూపి, సంతకము పెట్టక వెడలినవారే యెక్కువ.

మద్దతు ధర నిర్ణయము ఢిల్లీలో జరుగును. ఎగుమతి నోటిఫికేషను అచ్చటనే వెలువడును. వానిని గూర్చి మనము చేయగలది ఉత్తరములు వ్రాయుట, చీటీ వేయుట, ఈ బల్లయొద్ద పత్రిక చదివినప్పుడు రెండు పుటలును చదువుట. సంతకము మాత్రము మన జేబులోని కలముతో నగు పని. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు మేమును, మరి యిద్దరు న్యాయవాద మిత్రులును ఇదే మందిరమున కూర్చుందుము. దరఖాస్తు పత్రములు మాయొద్ద నున్నవి. వ్రాసిపెట్టుటకు రుసుము లేదు. పొలము కౌలున కిచ్చినవారు కౌలుదారును వెంటబెట్టుకొని రాగోరెదము. పాసుపుస్తకపు నకలు మరువవలదు. మా తండ్రిగారు తొమ్మిదికి ముందే వత్తురు. మొదటి సంతకము వారిది.